గుర్రం కింద చీటీ

కిందటి వారం పళ్ళక్కను మనం పనిబల్ల దగ్గర వదిలేశాం. ఎడమచేతిలో వేలెడు పొడవున్న సీసపు గుర్రం, దాని మీద కబురు మోసే రౌతు. కుడిచేతిలో మైనం గీకే సన్నటి కత్తి. పుస్తకం కొత్త ముద్రణకు అట్టమీద ఫొటో కోసం పాత బొమ్మలకు రంగులు వేద్దామని కూర్చుని, గుర్రం అడుగున అంటించిన ఆకుపచ్చ ఫెల్టు గుడ్డను ఊడదీస్తే, లోపల్నుంచి నాలుగు మడతల కాగితం ఊడివచ్చింది. ఒక మూల మాత్రం చిరిగి గుర్రానికే అంటుకుపోయింది. విప్పి చూస్తే అన్నయ్య చేతిరాత.

"ఆరో వంతు. వంతెన వదిలెయ్యండి. రెండు పటాలాలూ వెనక్కి రండి."

ఈ ముక్క కోసమే కదా ఆ మనిషి పదకొండేళ్ళుగా తలెత్తి వీధిలో నడవలేదు!

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి, పాతవాళ్ళు కాస్త ఓర్చుకోండి. పళ్ళక్క డాక్టరు కాదు. డాక్టర్లు పంపే దవడ అచ్చుల్ని బట్టి కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేసే మనిషి. భర్త రిటైరైన సర్వేయరు, పక్కన కొలబద్ద లేకపోతే అన్నం సయించని బాపతు. అన్నయ్య చరిత్ర మాస్టారు. బావగార్లిద్దరికీ ఒకటే పిచ్చి. రెండువందల ఏళ్ళ కిందటి యుద్ధాలను ఎనిమిదడుగుల బల్లమీద బొమ్మ సైనికులతో మళ్ళీ జరిపించడం. పటాలం ఒక వంతులో ఎన్ని అంగుళాలు నడుస్తుంది, ఫిరంగి పేలితే ఎన్ని పాచికలు వెయ్యాలి, ఎంతమంది పడిపోతే మిగిలినవాళ్ళు కాళ్ళకు బుద్ధి చెబుతారు, ఇవన్నీ ఆయన చరిత్ర తవ్వగా ఈయన కొలతలు వేయగా ఒక రూల్సు పుస్తకం తయారైంది. సైనికుల్ని పోసింది మాత్రం పళ్ళక్క. పళ్ళసెట్ల కొలిమిలోనే, పళ్ళు చెక్కే కత్తితోనే ఏడువందల ముప్ఫైమందిని చేసింది. పుస్తకంలో ఆమె పేరు లేదు. ఉండాలని వాళ్ళకూ తోచలేదు, ఆమెకూ తోచలేదు.

ఆ పుస్తకంలో వాళ్ళ క్లబ్బు ఆటగాళ్ళందరికీ ముద్దొచ్చే రూలొకటి ఉంది. దూరాన ఉన్న పటాలానికి సేనాపతి నోటితో ఆజ్ఞ ఇవ్వడానికి వీల్లేదు. చీటీ రాసి, కబురు రౌతు గుర్రం కింద పెట్టాలి. గుర్రం వంతుకు తొమ్మిది అంగుళాలే నడుస్తుంది. అది చేరేదాకా పటాలం పాత ఆజ్ఞనే పట్టుకు వేలాడాలి. చేరాక అంపైరు గుర్రాన్ని ఎత్తి, చీటీ తీసి, అందరికీ వినబడేలా చదువుతాడు. చీటీ జారిపోకుండా గుర్రం అడుగున ఫెల్టు గుడ్డను మూడు పక్కలే అంటించి, తోక వైపు తెరిచి ఉంచేవాళ్ళు, చిన్న జేబులాగా.

ఆ రోజు వంతెన యుద్ధం. బూడిదరంగు సైన్యం అన్నయ్యది. నీలం సైన్యాన్ని నడిపింది ఆయన పనిచేసే బడి కార్యదర్శి. అంపైరు సర్వేయరుగారు. తొమ్మిదో వంతులో గుర్రం వంతెన చేరింది. సర్వేయరుగారు ఎత్తి చూశాడు, జేబులో వేలు పెట్టి చూశాడు, "చీటీ లేదు" అన్నాడు. అన్నయ్య "పెట్టాను బావా" అన్నాడు. "లేదు బావగారూ" అన్నాడు ఈయన. అన్నయ్యకు ఏది రాసినా కార్బన్ కాపీ ఉంచుకునే అలవాటు. పాపం, ఆ కాపీని చొక్కా జేబులోంచి తీసి చూపించాడు. అదే కొంప ముంచింది. "భలే! చీటీలు జేబులోంచి పుడుతున్నాయే!" అన్నాడు కార్యదర్శి. గది గదంతా నవ్వింది. వంతెన దగ్గర రెండు పటాలాలూ తుడిచిపెట్టుకుపోయాయి. వారం తిరక్కుండా బడిలో పరీక్ష పేపర్ల గది తాళంచెవి అన్నయ్య దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. నెలలోపు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. "చీటీ మాస్టారు" అన్న పేరు మాత్రం ఆయన వెంట పడి వదల్లేదు.

ఇక ఇవాళ్టి సంగతికి వద్దాం.

పళ్ళక్క కాగితాన్ని పక్కన పెట్టి, గుర్రాన్ని కిటికీ వెలుతురులోకి తిప్పింది. అలవాటైన చెయ్యి కదా, కోపం రాకముందే పని చూసింది. ఫెల్టు మూడు పక్కలా పసుపురంగు జిగురు. అది తనదే, ఇరవైరెండేళ్ళుగా పళ్ళ పనికి వాడుతున్నదే. తోక వైపు, ఎప్పుడూ తెరిచి ఉండాల్సిన నాలుగో పక్క, తెల్ల జిగురు ఉంది. గోరు తగిలిస్తే పెళ్ళలుగా రాలింది. కాగితాల జిగురు అది. మ్యాపులకు వాడేది.

ఆమెకు ఒళ్ళంతా వేడెక్కింది. డాక్టరుకు సాయంత్రం ఇవ్వాల్సిన పైదవడ సెట్టు ప్లాస్టర్‌లో సగం మునిగి ఉంది. ఉంటే ఉండనీ అనుకుని, గుర్రాన్నీ చీటీనీ గుప్పిట్లో పెట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

సర్వేయరుగారు ప్రూఫులు దిద్దుతున్నాడు. మూడో ముద్రణ. ఎడమవైపు ఎర్రసిరా పెన్ను, కుడివైపు కొలబద్ద, మధ్యలో ఆయన.

"ఏవండీ, ఒక్కసారి ఇటు చూడండి."

"నలభైఒకటో రూలు దగ్గరున్నాను. నాలుగింటికల్లా ప్రెస్సులో ఉండాలి. తర్వాత చూస్తాలే."

"నలభైఒకటో రూలు సంగతే."

గుర్రాన్ని ఆయన ముందు ప్రూఫుల మీద పెట్టింది. పక్కన చీటీ విప్పి పెట్టింది. ఆయన చదివాడు. చదివి, వంకరగా ఉన్న గుర్రాన్ని ముందు కొలబద్దకు సమానంగా జరిపాడు. ఆ జరపడం చూసి పళ్ళక్కకు ఇక అనుమానం మిగల్లేదు. తెలియని మనిషైతే అదిరిపడేవాడు.

"ఎక్కడిదిది?" అన్నాడు.

"మీరు ఎక్కడ పెట్టారో అక్కడిదే."

"ఫెల్టు అంటించింది నువ్వు కదా."

"మూడు పక్కలు నేను. నాలుగో పక్క తెల్ల జిగురండీ. ఈ ఇంట్లో మ్యాపులు అంటించేది నేనా, మీరా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మరక దానికేమీ లేదు.

"మూడోరోజు దొరికింది," అన్నాడు చివరికి. "బొమ్మలు పెట్టెలో సర్దుతుంటే వేలికి గరగరలాడింది. లోపలి మూలకు పోయి అతుక్కుని ఉంది. ఆటలో చూసినప్పుడు నా వేలు అంతదూరం పోలేదు. నిజంగా కనబడలేదే అప్పుడు. ఒట్టు."

"అప్పటి సంగతి ఎవరడిగారు? మూడోరోజు సంగతి చెప్పండి."

"మొదటి రూలేమిటి?"

"నాకు కంఠతా వచ్చు. 'అంపైరు చూసిందే జరిగింది. చూడనిది జరగలేదు.'"

"రాసిందెవరు?"

"అన్నయ్య."

"మరి?"

"మరి ఏమిటండీ మరి!" పళ్ళక్క గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మూడోరోజు చూశారుగా! చూసి అంటించారుగా!"

"ఆట అప్పటికే అయిపోయింది."

"ఆట అయిపోయింది. మా అన్నయ్య బతుకు అయిపోలేదుగా అప్పటికి! తాళంచెవి ఇంకా ఆయన దగ్గరే ఉంది. మీరు ఒక్క మాట... 'పొరపాటైందిరా నాయనా, చీటీ దొరికింది' అని ఒక్క మాట ఆ కార్యదర్శి చెవిన వేస్తే సరిపోయేది. నోరు పడిపోయిందా?"

సర్వేయరుగారు ఎర్రసిరా పెన్నుకు మూత పెట్టాడు. ముప్ఫైయేళ్ళు పొలాల గట్ల తగాదాలు తీర్చిన మనిషి. ఎవరు అరిచినా మౌనంగా ఉంటే, అరిచినవాళ్ళే అలసిపోతారని ఆయనకు తెలుసు. ఆ విద్య ఇంట్లో కూడా వాడతాడు. ఇన్నేళ్ళూ ఫలించింది కూడా.

ఈసారి పళ్ళక్క అలసిపోలేదు. గుర్రం కిందనుంచి ప్రూఫు లాగి, కావాలని పైకి చదివింది.

"నిబంధన నలభైఒకటి. రౌతు బయలుదేరకముందే చీటీ ఉన్నదీ లేనిదీ అంపైరు స్వయంగా చూడవలెను. కింద చిన్న అక్షరాల్లో ఏముంది? రాయని చీటీని రాసితినని ఒక సీనియర్ సభ్యుడు వాదించిన మీదట ఈ నిబంధన చేర్చబడినది. ఇది రాసినప్పుడు మీకు తెలుసు. రెండో ముద్రణలో మళ్ళీ వేసినప్పుడూ తెలుసు. ఇవాళ, ఇప్పుడు, ఈ కుర్చీలో కూర్చుని అచ్చుతప్పులు దిద్దుతున్నారు! 'సభ్యుడు'కి ఒత్తు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నారు!"

"పేరు రాయలేదుగా."

"పేరు రాయక్కర్లేదండీ. ఊరంతా రాసిపెట్టుకుంది."

అప్పుడాయన తలెత్తాడు. ముసలితనం ఒక్కసారిగా మీద పడ్డట్టు కనిపించాడు. "నాకు హాయిగా ఉండిందే, ఊరుకోవడం," అన్నాడు. "అబద్ధం ఎందుకు చెప్పాలి! మొదటి నెల నిద్రపట్టలేదు. తర్వాత పట్టింది. అందరూ నన్ను నిక్కచ్చి మనిషి అన్నారు. సొంత బావగారికే చీటీ లేదని చెప్పాడు, ఎంత నిజాయితీ అన్నారు. అది విన్నాక వెనక్కి రావడం కష్టం."

కనీసం ఏడ్చి ఉంటే ఆమె కాస్త మెత్తబడేదేమో. ఆయన లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు. పళ్ళక్క ఎర్రసిరా పెన్ను తీసుకుంది. చిన్న అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టింది. కాగితం చిరిగేటంత గట్టిగా కొట్టింది. పక్కన ఖాళీలో తన గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఆనాడు చీటీ ఉంది. అది అంపైరుకు దొరకనందుకు, దొరికాక బయటపడనందుకు కారణం" అని రాసి, ఆపింది.

"నా పేరు రాస్తావా?" అన్నాడు సర్వేయరుగారు.

"నేను రాయను. పోగొట్టుకున్నవాడి చేత రాయిస్తాను. ఆయన రాస్తే మీరు సంతకం పెట్టి ప్రెస్సుకి పంపాలి. పంపకపోతే నేను పోసిన ఏడువందల ముప్ఫైమందినీ మళ్ళీ కొలిమిలో పడేస్తాను, సీసం ముద్దతో ఆడుకోండి మీరూ మీ క్లబ్బూ."

ఆమె చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి అన్నాడు. "వెళ్ళు. వెళ్ళొచ్చాక నన్నొక్కణ్ణే తిట్టలేవు."

తప్పించుకునే మాట అనుకుంది పళ్ళక్క. చెవిన పెట్టలేదు.

అన్నయ్య ఇప్పుడు బస్సు డిపోలో పనిచేస్తున్నాడు. ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లుంచే గది. గొడుగులు, టిఫిన్ క్యారియర్లు, ఒంటి చెప్పులు, ఒకసారి కట్టుడుపళ్ళ సెట్టు కూడా వచ్చింది. దాన్ని చెల్లెలికి చూపించి, "నీ పనేనా?" అని అడిగాడు. ఆమె పనే! ఆ రోజు ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. మళ్ళీ అంతగా నవ్విన గుర్తు లేదు. దొరికిన ప్రతి వస్తువుకీ తేదీ, బస్సు నంబరు వేసి చీటీ కట్టడం ఆయన ఉద్యోగం. చీటీ మాస్టారికి చీటీల ఉద్యోగమే దొరికిందని డిపోలో కూడా ఎవరో అన్నారట. ఆ మాటా ఆయనే చెప్పాడు, చెల్లెలు వేరేవాళ్ళ నోట వినకూడదని.

ఈ పదకొండేళ్ళూ ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య తిరిగింది పళ్ళక్కే. "బావకి బీపీ ఎలా ఉంది?" అని ఈయన అడుగుతాడు. "మీ అన్నయ్య మందులు వేసుకుంటున్నాడా?" అని ఆయన అడుగుతాడు. ఎదురుపడి ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకోరు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏం చెప్పాలో దారిపొడవునా అనుకుంటూ వచ్చింది. అన్నయ్యా, నువ్వు దొంగవి కావు. ఈ ఒక్క మాట చాలు. ఆయన ఏడుస్తాడేమో, తనూ ఏడవాలి. ఆ తర్వాత పెన్ను చేతికివ్వాలి.

గదిలో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. ఎర్రగొడుగు పిడికి దారం ముడివేస్తున్నాడు. చెల్లెల్ని చూసి ముఖం విప్పారింది.

"ఏమ్మా, ఈ వేళప్పుడు? పని మానేసి వచ్చావా?"

ఆమె ముందు ప్రూఫు ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి, కొట్టేసిన గీతను చూశాడు, పక్కన రాసింది చదివాడు. "కారణం" దగ్గర ఆగిపోయిన వాక్యాన్ని రెండోసారి చదివాడు.

"ఎవరి పేరూ రాయలేదేం?"

"నీ చేత రాయిద్దామని తెచ్చానన్నయ్యా."

గుప్పిట విప్పి, గుర్రాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. ఫెల్టు గుడ్డ ఇంకా ఒక అంచున దానికి అంటుకునే ఉంది. చీటీ ఆమె సంచిలోనే ఉంది. తీసి చూపిద్దామని చెయ్యి పెట్టింది.

అన్నయ్య గుర్రం వైపు చూడలేదు. చెల్లెలి వైపే చూస్తూ, అరచేతిలో దాన్ని తిరగేశాడు. ఆయన బొటనవేలు తిన్నగా తోక వైపుకు, నాలుగో పక్కకు వెళ్ళి, జిగురు రాలిన గరుకు మీద ఆగింది.

పళ్ళక్క చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

"ఎవరు ఊడదీశారు?" అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "వద్దని చెప్పానే బావకి."

"నీకు... తెలుసా?"

"మూడోరోజు సాయంత్రం తెచ్చి చూపించాడు. వణికిపోతూ వచ్చాడు పాపం. ఇప్పుడే వెళ్ళి కార్యదర్శికి చెప్పేస్తానన్నాడు. నేనే ఆపాను. అంటించెయ్యమన్నది నేనే."

"ఎందుకూ?" ఆ మాట అరుపుగా వచ్చింది. బయట టికెట్ల కిటికీ దగ్గర ఎవరో వెనక్కి తిరిగి చూశారు.

అన్నయ్య ఫెల్టు గుడ్డను పూర్తిగా లాగేసి, గుర్రాన్ని ఆమె కళ్ళముందుకు ఎత్తాడు. లోపలి మూల చిరిగిన కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది. దాని కింద జిగురు బొట్టొకటి, కందిగింజంత. ఎండి గట్టిపడి ఉంది. పసుపురంగు.

అది పళ్ళక్క జిగురే. ఆ రోజు పొద్దున గుర్తొచ్చింది. బల్లమీద గీతలు పడుతున్నాయని సర్వేయరుగారు సణిగితే, మధ్యాహ్నం ఆటకు అందాలని పన్నెండు గుర్రాలకూ హడావిడిగా కొత్త ఫెల్టు అంటించింది. రెండు సెట్లు డాక్టరుకు పంపాల్సి ఉంది. ఆరిందో లేదో చూసుకోలేదు. లోపల బొట్టు జారిందేమో అని కత్తి పెట్టి తడమలేదు. పళ్ళసెట్టుకైతే తడిమేది. బొమ్మ గుర్రమే కదా అనుకుంది.

"నీకు తెలిస్తే తట్టుకోలేవని," అన్నాడు అన్నయ్య.

"నన్ను కాపాడమని నేనడిగానా?" ఆమెకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. "చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగు రోజులు ఏడ్చేదాన్ని. అందరి ముందూ నా జిగురేనండీ తప్పు అని చెప్పేదాన్ని. నవ్వితే నన్ను చూసి నవ్వేవాళ్ళు. నీ బడి నీకు ఉండేది!"

"తాళంచెవి అడుగుతారని అప్పుడు నాకేం తెలుసమ్మా! ఆట గొడవే కదా, రెండు నెలల్లో మరిచిపోతారనుకున్నాను." ఆయన గొడుగు దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. "ఇంకోటి కూడా ఉందిలే. మొదటి రూలు రాసింది నేను. అది నాకే తగిలిన రోజున మార్చండర్రా అనడానికి నోరు రాలేదు. కాస్త పొగరు."

"పదకొండేళ్ళు మీ ఇద్దరి మధ్యా ఆ గుర్రంలాగే తిరిగాను. నా కిందే చీటీ పెట్టి, నాకే చదివి వినిపించలేదు మీరు!"

 అన్నయ్య ప్రూఫు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కొట్టేసిన చిన్న అక్షరాల మీద వేలు ఆడించాడు. 

"అంటించమన్నాను," అన్నాడు.  "నిజమే, అది నేనే అన్నాను. పుస్తకంలో నన్ను దొంగని చెయ్యమని మాత్రం అనలేదు. ఆ ముక్క బావ సొంతంగా రాసుకున్నాడు. మొదటిసారి చదివినప్పుడు..." అని ఆపేసి, తల అడ్డంగా ఊపాడు.

డిపో గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ఇంటికెళ్ళి సర్వేయరుగారి సంతకం పెట్టించి ప్రెస్సుకి చేరాలంటే అరగంట.

ఆమె తెచ్చిన ఎర్రసిరా పెన్నుకు మూత తీసి, అన్నయ్య ఆమె చేతిలోనే పెట్టాడు. ఆగిపోయిన వాక్యం ఉన్న కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

"నువ్వు మొదలుపెట్టిన వాక్యం, నువ్వే పూర్తిచెయ్యి. బావ పేరు రాస్తావా, నా పేరు రాస్తావా, నీ పేరు రాస్తావా... ఆ పుస్తకంలో నీ పేరు ఇంతవరకూ ఎక్కడా లేదు కదమ్మా."

పళ్ళక్క పెన్ను పట్టుకుని, "కారణం" అన్న మాట పక్కన ఉన్న ఖాళీ మీదికి వంగింది.